తోడు అడిగిన చేతులు

రోహిణి కార్తె, మడి తడిపిన రోజు

ఈ రోజు నుంచి తల్లిమడి దినచర్య నేను రాస్తున్నాను. ఇంతకుముందు దీన్ని ఎవరూ రాయలేదు. మడి చూసే మా మామ్మ దాలమ్మకు అక్షరాలు రావు, ఆవిడకు ముందు చూసినవాళ్ళకూ రావు. మా ఇంట్లో బడికి వెళ్ళినదాన్ని నేనొక్కదాన్నే.

"సదువుకున్నావు గదే నూకరత్నం. ఏటి తిన్నాదో, ఎలాగున్నాదో రాయి" అంది మామ్మ, మడి ఒక మనిషన్నట్టు.

తిన్నది: పేటలో ఇళ్ళన్నిటి తొక్కలు, గంజి, పొయ్యి బూడిద, చేప పొలుసు, దొడ్డిగుంటల్లో మాగిన ఎరువు. ఉన్నది: నల్లగా, చల్లగా, తొలివాన వాసనతో. చెయ్యి పెడితే మోచేతి దాకా దిగింది. మట్టి బతికుంటే ఊపిరి వదులుతుంది. దాన్ని కొలిచే మీటరు గుచ్చితే ముల్లు పచ్చగీత దాటి నిలబడింది. మామ్మకు మీటరు మీద గురి లేదు. పక్కింటి పోలినాయుడు బాబాయి మాత్రం దాన్ని తన ముక్కు కింద పెట్టుకుని, "నానింకా ఉన్నానేటో సూడవే గుంటా" అన్నాడు.

సముద్రం లోపలికి వచ్చి వెనక్కి వెళ్ళాక మా నేలలో ఉప్పు మిగిలింది. అందులో గింజ వేస్తే గింజే మిగులుతుంది. ఇసుకా ఇటుకపొడీ కలిపి, అందులో ఈ మడి మట్టి పిడికెడు వేసి, తడిపి, గోనె కప్పి ఉంచితే పాలు పెరుగైనట్టు అదీ మట్టవుతుంది. అందుకే దీన్ని తోడు అంటాం. ఆరుద్రలో విత్తే ముందు ప్రతి ఇల్లూ వచ్చి తోడు పట్టుకెళ్తుంది. ఏడాది తిండి అందులోనే ఉంది.

మడికి నియమాలు కొన్నే. తోడుకు వెల కట్టకూడదు. దీపం పెట్టాక పెట్టకూడదు. అడిగితే లేదనకూడదు.

మృగశిర కార్తె, వాన జాడ లేదు

పగలు నా ఉద్యోగం మా పేటకు పైన గుట్ట మీద, డబ్బున్నవాళ్ళుండే పైమెట్టలో, వెయ్యేళ్ళ తోట నిధిలో. మెట్లన్నీ ఎక్కి ద్వారం దగ్గర చెప్పులు విప్పి కాళ్ళు కడుక్కోవాలి. మట్టి దాచే చోటికి మట్టికాళ్ళతో రాకూడదట.

భూమి ఎప్పటికైనా బాగుపడుతుంది, ఆ రోజు మానవజాతి వేసుకునే మొదటి తోటకు మట్టి కావాలి, దాన్ని ఇప్పటినుంచే దాచాలి. ఇదీ నిధి ఆశయం. ఉద్యోగంలో చేరేముందు ఈ మాటలు చదివి నాకు కళ్ళు చెమర్చాయి. దాచిన సీసాల్ని తుడిచి, వరసలు సర్ది, చీటీలు అంటించడం నా పని.

ఈ రోజు నిధి అధికారి నిరంజన్ గారు కొత్త పథకం చదివి వినిపించారు. బతికున్న మట్టి ఒక సీసా తెచ్చి ఇచ్చినవాళ్ళ వంశానికి ఆ రాబోయే తోటలో ఒక వాటా. ఎన్ని సీసాలైతే అన్ని వాటాలు. వాటాలు ఒకరి నుంచి ఒకరు కొనుక్కోవచ్చు కూడా.

పైమెట్టవాళ్ళు నీళ్ళగదుల్లో దీపాల కింద ఆకు పెంచుకుంటారు. వాళ్ళ కంచానికి మట్టితో పనిలేదు. "మరి వీళ్ళకు మట్టి ఎక్కడ దొరుకుతుంది సార్?" అని అడిగాను.

"అడిగితే ఇచ్చేవాళ్ళు ఉన్నారుగా, నూకరత్నం" అన్నారాయన, ఎంతో మృదువుగా.

మృగశిర, మబ్బు పట్టి విడిచింది

వచ్చారు. మొదట ఒక జంట, ఎండగుడ్డలు కప్పుకుని, చేతికి తొడుగులతో. మా సందులో నడిచేటప్పుడు ఆవిడ ముక్కుకు అత్తరు రుమాలు అడ్డం పెట్టుకుంది. మడి ముందుకు వచ్చాక రుమాలు తీసి, రెండు చేతులూ చాపి, "కాస్త తోడు పెడతారా అమ్మా" అంది.

మామ్మ ముఖం వెలిగిపోయింది. "ఒలమ్మా, పైమెట్టోళ్ళు మట్టి అడుగుతున్నారే! ఆళ్ళూ ఇత్తుకుంటారు గావాల" అని నిండు పిడికెడు తీసింది. ఆ వచ్చినావిడ చెయ్యి వెనక్కి లాగి సీసా ముందుకు పెట్టింది.

మర్నాడు ఆ సీసా నా బల్ల మీదే ఉంది. చీటీ మీద ఏం రాయాలో ఆ భర్త చెప్పాడు: మా మునిమనవల పూలతోటకు. మూత బిగించి, చుట్టూ మైనం పోసి, అరలో పెట్టాను. లోపల ఒక వానపాము గాజుకు ఆనుకుని కదులుతోంది. దాన్ని చూస్తూ నేను చీటీ అంటించాను. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని మామ్మతో చెప్పాను.

"వాళ్ళు విత్తడం లేదు మామ్మా. మూత పెట్టి దాచుకుంటున్నారు."

"అడిగినాక ఆళ్ళది. దాసుకుంటారో, నెత్తికి రాసుకుంటారో, మనకేటి?"

మృగశిర, ఎండ

వరస సందు దాటి పంపు దాకా పోయింది. గొడుగులూ, అత్తరు వాసనా, చల్లనీళ్ళ సీసాలు మోసే పనివాళ్ళూ. తోడు ఎలా అడగాలో నేర్పే బొమ్మలపలక పైమెట్ట ద్వారం దగ్గర పెట్టారు. రెండు చేతులూ చాపాలి. అమ్మా అనాలి. చిరునవ్వు నవ్వాలి. నా ముందే ఒకాయన భార్య దగ్గర సాధన చేశాడు: "కాస్త తోడు పెట్టండమ్మా. ఇలాగేనా? అమ్మా ముందా, చివరా?"

వాళ్ళు గోడ దూకి దోచుకుపోయినా నాకింత రోత పుట్టేది కాదు. మా మాటే మా నోట్లోంచి తీసుకుని, మెరుగుపెట్టి, మా ముందే వాడుతున్నారు.

నిండు చూలాలు ఒకామె రెండు సీసాలు తెచ్చింది. ఒకటి తనకు, ఒకటి కడుపులో బిడ్డకు. మామ్మ నవ్వి బిడ్డకు కూడా పెట్టింది. మధ్యాహ్నం ఒకతను రెండోసారి వచ్చి నిలబడ్డాడు.

"బాబూ, టోపీ మార్నాది గానీ ముక్కు మార్నేదు" అన్నాడు పోలినాయుడు బాబాయి.

"నోర్ముయ్ పోలిగా! సేయి సాపినోడి ముకం సూడకూడదు" అని మామ్మ కసిరింది. బాబాయి సూర్యుడికేసి చూసి, "తొరగా దిగు సామీ, నీకు దండవెడతాను" అన్నాడు. దీపం పెట్టాక తోడు పెట్టరు కదా, మాకున్న అడ్డు అదొక్కటే.

చివరగా వచ్చిన ముసలావిడ సీసా తేలేదు. అంచు పగిలిన పింగాణీ బేసిను మోసుకొచ్చింది. కాత్యాయని అని పేరు చెప్పింది, ఎవరూ అడక్కపోయినా. సీసా చాలక బేసినా, ఎంత ఆశ, అనుకుని నేను మొహం తిప్పుకున్నాను.

మృగశిర వెళ్ళిపోయే రోజు

మడి మోచేతి లోతు నుంచి మణికట్టుకు వచ్చింది. మడి ఉన్న కొట్టానికి తాళం వేద్దామన్నాను.

"తాళమా? మడికి తాళమా?" మామ్మ చేతిలో చేట కిందపెట్టింది. "ఉప్పొచ్చినప్పుడు ఊళ్ళన్నిట్లోనూ మడులు సచ్చిపోనాయి. కొండవతల ఒక ఊర్లో ఒక్క మడి మిగిలింది. మా అత్త ఎల్లి సేయి సాపితే ఆళ్ళు పెట్టినారు. ఎవులు ఎల్లినా పెట్టినారు. నేదన్లేదు. నేదనుంటే మీ తాత ఏటి తినును? నువ్వెక్కడినుంచి ఒద్దువు?"

"వాళ్ళు విత్తుకోడానికి అడిగారు మామ్మా! వీళ్ళు అమ్ముకోడానికి అడుగుతున్నారు."

"ఏటే, అడిగినోడి కడుపులోకి తలకాయెట్టి సూస్తానా?"

ఆవిడ చెప్పింది తప్పని ఇప్పటికీ అనలేను. మడి మాత్రం ఖాళీ అవుతోంది.

ఆరుద్ర కార్తె, చినుకులు

మడి కింద పరిచిన ఇటుకలు బయటపడ్డాయి. అడుగు గీకి పేటలో ఇంటింటికీ చిటికెడు చొప్పున పంచాం. మీటరు ముల్లు పచ్చగీత దగ్గరికి కూడా రాలేదు. అయినా చినుకు పడింది కాబట్టి అందరూ విత్తారు. పోలినాయుడు బాబాయి ఈసారి ఏ జోకూ వెయ్యలేదు. గోంగూర గింజలు చేతిలో చాలాసేపు పట్టుకుని, తర్వాత చల్లాడు.

ఆరుద్ర, ముసురు

నిధిలో సంపెంగ అత్తరు చల్లడం మొదలుపెట్టారు. ఎందుకో ఈ రోజు తెలిసింది. వెనక అరలో ఒక సీసా మైనం పగిలింది. తుడవబోతే వాసన తగిలింది, కుళ్ళిన గుడ్డు వాసన. మట్టి బూడిదరంగుకు తిరిగి, గాజు మీద జిగురు కట్టింది. వానపాము కరిగి ఒక చార మాత్రం మిగిలింది. మీటరు తెచ్చి గుచ్చాను. ముల్లు కదల్లేదు. వరసలో ఇంకో సీసా తెరిచాను, ఇంకోటి. అన్నీ అంతే. ఊపిరి తీసేదాన్ని మూతపెట్టి బిగిస్తే ఏమవుతుందో పసిపిల్లలకైనా తెలుస్తుంది. నేను చదువుకున్నాను, మైనం పోసింది నేనే.

నిరంజన్ గారు పుదీనా బిళ్ళ చప్పరిస్తున్నారు.

"సార్, మట్టి చచ్చిపోయింది."

"చచ్చిపోయింది అనకూడదు. నిద్రాణస్థితి అని రాయి."

"మళ్ళీ లేస్తుందా సార్?"

"వెయ్యేళ్ళ తర్వాత లేవకపోతే నిన్నూ నన్నూ ఎవరు అడగొస్తారు?" నవ్వారు. "చూడు, వాటాల ధర ఇప్పుడే పైకి లేస్తోంది. సీసాలున్నాయి, లెక్క సరిపోయింది, మనుషులకు నమ్మకం ఉంది. నమ్మకాన్ని పాడుచెయ్యకు. కావాలంటే ఒక సీసా మీద మీ పేట పేరు రాయిస్తాను. రేపటి తోటలో మీకూ చోటుంటుంది."

ఆయన బిళ్ళల డబ్బా నా వైపు జరిపారు. నేను తీసుకోలేదు. ఇంటికొచ్చి పంపు కింద చేతులు ఎంత తోమినా సంపెంగ వాసన పోలేదు. పాయఖానా గుంట ఎత్తేరోజు కూడా నా చేతులు నాకింత అసహ్యం వెయ్యలేదు.

పునర్వసు కార్తె, వాన ఆగింది

ఒక్క గింజ మొలవలేదు.

పైమెట్టకు వెళ్ళి అడుగుదామంది మామ్మ. "మనం పెట్టినాం. మనం అడిగితే ఆళ్ళూ పెడతారు" అంది. సీసాల సంగతి చెప్పాను. ఆవిడకు అర్థం కాలేదో, అర్థం చేసుకోనన్నదో. తల దువ్వుకుని ఉతికిన చీర కట్టుకుంది.

పేట మొత్తం మెట్లెక్కాం. ద్వారం దగ్గర అందరూ చెప్పులు విప్పి కాళ్ళు కడుక్కున్నారు. బొమ్మలపలక ఇంకా అక్కడే ఉంది. పోలినాయుడు బాబాయి దాన్ని చూసి, "ఇది మనకేనేటి?" అన్నాడు.

నిరంజన్ గారు వసారాలోకి వచ్చారు. పథకంలో సీసాలిచ్చినవాళ్ళు కొందరు వెనక నిలబడ్డారు. మామ్మ రెండు చేతులూ చాపింది.

"కాస్త తోడెట్టు బాబూ. మడి ఎండిపోనాది."

"అమ్మా, టీ తాగండి ముందు."

"టీ ఒద్దు బాబూ. పిడికెడు."

"ఇది నాది కాదమ్మా, ఇస్తే బాగుండదు. ఇది ఇంకా పుట్టనివాళ్ళది. వాళ్ళు వచ్చి అడగలేరు కాబట్టి వాళ్ళ తరఫున మేం కాపాడుతున్నాం."

మామ్మ ఆయన మాట గురించి నిజంగానే ఆలోచించింది. "పుట్టనోళ్ళు అడగనేదు గదా బాబూ. నాను అడుగుతున్నాను."

"లేదమ్మా. కుదరదు."

మామ్మ చేతులు వెంటనే దించలేదు. తోడు అడిగితే లేదనడం ఆవిడ బతుకులో ఎప్పుడూ వినలేదు. తర్వాత ఏం చెయ్యాలో ఆ చేతులకు తెలియలేదు. అలా చాపి ఉన్న ఆ ముడతల చేతుల్ని, వెనక నిలబడి వేరేవైపు చూస్తున్న ఆ మర్యాదస్థుల్ని చూశాను. లోపలికి వెళ్ళి ముందు వరసలో సీసా తెచ్చాను. మునిమనవల పూలతోటకు అన్న చీటీ ఉన్నదే. వసారాలో అందరిముందూ మైనం పగలగొట్టి మూత తీశాను.

అత్తరు రుమాళ్ళు పైకి లేచాయి. ఒకాయన మెట్ల మీద కక్కేశాడు. "ఇదీ మీ వెయ్యేళ్ళ తోట. వాసన చూడండి. మా చేతుల్లోంచి తీసుకున్నప్పుడు ఇలా లేదు" అన్నాను.

"నూకరత్నం, రేపటినుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నారు నిరంజన్ గారు ముక్కు మూసుకుని.

"ఈ రోజు మాత్రం ఎవులు ఉంటారు బాబూ, ఈ గబ్బులో" అన్నాడు పోలినాయుడు బాబాయి.

మామ్మ సీసాలోకి వంగి చూసింది. కొంగుతో మూతి తుడుచుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది.

సగం దిగాక వెనకనుంచి ఎవరో పిలిచారు. కాత్యాయని, పగిలిన బేసిను ముసలావిడ. పరుగెత్తి వచ్చిందేమో, ఆయాసపడుతోంది.

"అమ్మా, నేను నిధికి ఇవ్వలేదు."

"ఏటి ఇవ్వనేదు?"

"మీరు పెట్టింది. చుక్కకూర వేశాను. చిన్నప్పుడు తిన్న రుచి... మళ్ళీ ఒక్కసారి తినాలనిపించింది. మావాళ్ళకు తెలిస్తే నవ్వుతారని స్నానాలగదిలో దాచాను. కిటికీ ఉంది లెండి. కూర తొక్కలు వేశాను, టీపొడి వేశాను. మీరు ఏం వేస్తారో నాకు తెలీదు. బేసినంతా అదే అయిపోయింది." తలొంచుకుంది. "కూర తినేశాను. రెండుసార్లు. తప్పా?"

మామ్మ మెట్టు మీద నిలబడిపోయింది. తర్వాత మళ్ళీ రెండు చేతులూ చాపింది. ఇందాక లేదనిపించుకున్న చేతులే. ఇంకోసారి చాపడం నావల్లైతే అయ్యేది కాదు.

"కాస్త తోడెడతావా తల్లీ?"

ఆవిడ పిడికెడు ఇవ్వలేదు. బేసిను బేసినంతా తెచ్చింది. నేనూ ఆవిడా చెరో పక్కా పట్టుకుని దింపాం. ఆరోజు ఆవిణ్ణి చూసి మొహం తిప్పుకున్నానని చెప్పాలనిపించింది, కానీ బేసిను బరువుగా ఉంది, మెట్లు తడిగా ఉన్నాయి. మీటరు గుచ్చితే ముల్లు పచ్చగీత మీద నిలబడింది.

పుష్యమి కార్తె, మంచి వాన

మడి అరచేతి మందం పట్టింది. తిన్నది: తొక్కలు, బూడిద, గుంట ఎరువు, కాత్యాయని గారు రోజూ తెచ్చే టీపొడి. ఆవిడకు ముందు గుంట ఎరువు చూసి డోకొచ్చింది. ఇప్పుడు రావడం లేదు. పోలినాయుడు బాబాయి ఆవిడను "టీపొడమ్మా" అని పిలుస్తాడు, ఆవిడ పలుకుతుంది. ఇళ్ళకు తోడు పెట్టాం. ఆలస్యంగా విత్తాం కాబట్టి సగం పంటే వస్తుంది. ఈ ఏడు అందరం సగం కడుపుతో ఉండాలి.

పైమెట్ట నుంచి వచ్చాక మామ్మ ఎవరికీ తోడు పెట్టలేదు. "ఇంక నువ్వు పెట్టు" అని నాకు ఒదిలేసింది.

పుష్యమి, తెరిపి

నిధి మనిషి వచ్చాడు. నాకు తెలిసినవాడే, ఇదివరకు నాతోపాటు సీసాలు తుడిచేవాడు. నిరంజన్ గారు పంపారట. చచ్చిన సీసాల్ని మళ్ళీ తోడువేసి బతికించుకోవాలని వాటాదారులు పట్టుబట్టారట. పెద్ద సీసా తెచ్చాడు. రెండు చేతులూ చాపాడు.

"కాస్త తోడు పెట్టండమ్మా."

పేటలో వాళ్ళు చేస్తున్న పనులు ఆపి చూస్తున్నారు. మామ్మ కొట్టం గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది. నాకేసి చూడలేదు.

"ఏం విత్తుతారు?" అని అడిగాను.

"విత్తడమా? లేదు, సీసాలకే."

"గింజ తెచ్చుకోండి. విత్తి, మొలక చూపించండి. అప్పుడు ఎంత కావాలంటే అంత పెడతాను. సీసాకు మాత్రం..."

ఆ మాట నాకు ముందు ఈ మడి దగ్గర ఎవరూ అనలేదు.

"లేదు" అన్నాను.

అతను నమ్మలేక చేతులు అలాగే చాపి ఉంచాడు, మామ్మ ఉంచినట్టే. నేను చూడలేక మడి వైపు తిరిగాను. అతను వెళ్ళిన అడుగుల చప్పుడు వినిపించాక ఇటు తిరిగాను. నోరంతా చేదు. మట్టి పోతే మళ్ళీ తోడుకుంది. ఎవరినీ లేదనని మడి అన్న పేరు మాత్రం పోయింది. అది తిరిగి తెచ్చే బేసిను ఏ ఇంట్లోనూ లేదు. అది కూడా వాళ్ళే పట్టుకుపోయారు, నా నోటితోనే.

అన్నాల వేళ మామ్మ కాత్యాయని గారి బేసిన్లో మళ్ళీ చిగిర్చిన చుక్కకూర గిల్లి పప్పులో వేసింది. కంచాలు పెట్టింది. నా ఎదురుగా కూర్చుంది.

"నోరెలాగొచ్చినాదే నీకు?"

నేను అన్నంలో పప్పు కలుపుకున్నాను.

"ఇన్నేళ్ళు సదివించినాం" అంది. "ఇదేటి నేర్సుకొచ్చినావు?"

ఇంకో గరిటె పప్పు నా కంచంలో వేసింది. తన కంచంలో వేసుకోలేదు.

"తిను. రేపు ఇంకోడు ఒస్తాడు."